250 పడకల కొలువు: పిచ్చాసుపత్రి సూపరింటెండెంట్ అసలు ఏం చేసేవాడు?

ప్రశ్న ఇది: 19వ శతాబ్దపు అమెరికాలో పిచ్చాసుపత్రి సూపరింటెండెంట్ అంటే డాక్టరా, జైలరా, మేనేజరా? ఒకప్పుడు అంత పలుకుబడి ఉన్న ఉద్యోగం ఆ శతాబ్దం ముగిసేనాటికి ఎందుకు చప్పబడిపోయింది? మన వైపు ఇలాంటి కెరీర్ ఉండేదా?

ఒక్క మాటలో చెప్పమంటే, ఆయన ఇంటిపెద్ద. వైద్యం చదివిన ఇంటిపెద్ద. ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఎవరు నిన్న రాత్రి నిద్రపోలేదో, ఏ వార్డులో కిటికీ బిగుసుకుపోయిందో ఆయనకు తెలిసి ఉండాలి. అలా తెలిసి ఉండడానికి మనుషుల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. ఆ తరం వాళ్ళు ఆ హద్దును 250గా తేల్చారు. ఆ ఉద్యోగం వెలిగిందీ ఆ అంకె వల్లే, ఆరిపోయిందీ ఆ అంకె దాటినందువల్లే. ఇది మాటల్లో చెప్తే గాలిలో ఉంటుంది కాబట్టి ఒక మనిషిని తీసుకుందాం. ఫిలడెల్ఫియాలో ఒకే ఆసుపత్రిని దాదాపు 43 ఏళ్ళు నడిపిన థామస్ స్టోరీ కర్క్‌బ్రైడ్.

ఆయన 1809లో పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతు కుటుంబంలో పుట్టారు. 1832లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పుచ్చుకున్నారు. తర్వాత ఏడాది ఫ్రాంక్‌ఫర్డ్‌లో క్వేకర్లు నడిపే మానసిక ఆశ్రమంలో రెసిడెంట్‌గా, ఆపైన రెండేళ్ళు పెన్సిల్వేనియా ఆసుపత్రిలో రెసిడెంట్‌గా చేశారు. మనసు మాత్రం సర్జరీ మీదే. 1835 నుంచి నగరంలో సొంత ప్రాక్టీసు పెట్టుకుని, పెద్దాసుపత్రిలో సర్జన్ పోస్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్న మనిషి. 1840లో ఆ ఆసుపత్రి మేనేజర్లు వచ్చి, పిచ్చివాళ్ళ కోసం ఊరి బయట కొత్తగా కట్టిన దానికి సూపరింటెండెంట్‌గా రమ్మని అడిగారు. ఆలోచించి ఒప్పుకున్నారు. నిలకడైన జీతం, కుటుంబంతో ఉండడానికి ఇల్లు, వయసు 31. మానసిక వైద్యంలో ఆయన అనుభవమల్లా ఆ ఆశ్రమంలో గడిపిన ఏడాది, పెద్దాసుపత్రిలో ఆ వార్డులు చూసిన అనుభవం. ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, ఎందుకంటే ఈ విద్యకు వేరే పట్టా అంటూ ఏదీ లేదు. తర్వాతి తరానికి మాత్రం ఒక దారి పడింది. ముందు పెద్ద సూపరింటెండెంట్ దగ్గర అసిస్టెంట్ ఫిజీషియన్‌గా చేరి, కొన్నేళ్ళు ఆయనతో పాటు వార్డులు తిరిగి, ఆయన సిఫారసుతో మరో ఊళ్ళో కొత్తగా తెరిచే ఆసుపత్రికి పెద్దగా వెళ్ళడం. కర్క్‌బ్రైడ్ దగ్గర పనిచేసిన జాన్ కర్వెన్ 1851లో హారిస్‌బర్గ్‌కు వెళ్ళింది ఆ దారినే. అలబామాలోని టస్కలూసా ఆసుపత్రికి వెళ్ళేనాటికి పీటర్ బ్రైస్‌కు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

పెన్సిల్వేనియా ఆసుపత్రి మానసిక విభాగం 1841 జనవరి 1న తెరుచుకుంది. అంతకు ముందు ఈ రోగులు నగరం నడిబొడ్డున మామూలు రోగుల పక్కనే ఉండేవాళ్ళు. బెంజమిన్ రష్ అంతటి వైద్యుడు కూడా అక్కడే వాళ్ళకు రక్తం తీసి, కదలకుండా కుర్చీకి కట్టి వైద్యం చేశాడు. కొత్తది నగరానికి పడమట వంద ఎకరాల పైబడిన పొలంలో ఉంది. కర్క్‌బ్రైడ్ తరం నమ్మకం ఇది: మనిషి మతి చెడింది ఇంట్లోనో ఊళ్ళోనో ఏదో ఒత్తిడి వల్ల, కాబట్టి అతన్ని ఆ చోటు నుంచి తెచ్చి, వేళకు లేవడం, వేళకు తినడం, చేతికి పని, కంటికి పచ్చదనం, మాటకు మర్యాద దొరికే చోట పెడితే కుదుటపడతాడు. అంటే ఆసుపత్రి భవనమే మందు. భవనమే మందైతే డాక్టరు మేస్త్రీ పని కూడా నేర్చుకోవాలి కదా. అందుకే ఈ సూపరింటెండెంట్ల ఉత్తరాల్లో నాడి కంటే నాళాల గురించి, జ్వరం కంటే బాయిలర్ గురించి ఎక్కువ కనిపిస్తుంది.

1844 అక్టోబరులో 13 మంది సూపరింటెండెంట్లు ఫిలడెల్ఫియాలో కూడి సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మూలం అదే. సభ్యత్వం మానసిక వైద్యులందరికీ కాదు, ఆసుపత్రి పెద్దలకు. ఈ ఒక్క సంగతి చాలు ఆ వృత్తి ఏమిటో చెప్పడానికి. 1851లో ఆ సంఘం భవన నిర్మాణంపై 26 సూత్రాలు, 1853లో నిర్వహణపై 14 సూత్రాలు ఆమోదించింది. రెంటి వెనకా ప్రధానంగా కర్క్‌బ్రైడ్ చెయ్యే ఉంది. 1854లో ఆయన వాటిని విడమరిచి పుస్తకమే రాశారు. 1880లో రెండో కూర్పు వచ్చింది.

ఆ సూత్రాల్లో కొన్ని దగ్గరగా చూద్దాం, ఉద్యోగం రుచి అక్కడే తెలుస్తుంది.

స్థలం పెద్ద ఊరికి రెండు మైళ్ళ లోపు ఉండకూడదు. కానీ ఏ కాలంలోనైనా బండి వెళ్ళగలగాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే 200 మందికి కనీసం 100 ఎకరాలు. రోజుకు 10,000 గ్యాలన్ల నీళ్ళు, భవనంలో అన్నిటికంటే ఎత్తైన చోట్లకూ అందేలా, తొట్లలోకి ఎక్కించే ఏర్పాటు ఉండాలి. ఒక్క మనిషి గది 8 అడుగులకు 10 అడుగులు తక్కువ కాకూడదు, ఎత్తు 12 అడుగులు తగ్గకూడదు. రోగులు ఉండే గది ఏదీ నేలమట్టం కిందికి పోకూడదు. ఈ చివరిది ఊరికే రాసింది కాదు. అంతకు ముందు తరాల్లో పిచ్చివాళ్ళను పెట్టింది నేలమాళిగల్లోనే. నాలుగో సూత్రం నాకు మరీ ఇష్టం: ఇలాంటి సంస్థను నడిపిన అనుభవం ఉన్న డాక్టరుకు చూపించకుండా ఏ ప్లానూ ఖరారు చేయకూడదట. అంటే దేశంలో ఎక్కడ పిచ్చాసుపత్రి కట్టినా వీళ్ళ గుమ్మం తొక్కాల్సిందే. దీన్ని ప్రజాహితం అనొచ్చు, వృత్తి చుట్టూ కట్టుకున్న గోడ అనీ అనొచ్చు. రెండూ నిజమే.

ఇక భవనం ఆకారం. మధ్యలో పెద్ద మేడ. అందులో ఆఫీసు, వచ్చినవాళ్ళు కూర్చునే గదులు, సూపరింటెండెంట్ కుటుంబం కాపురం. అటూ ఇటూ రెక్కలు, ఒక వైపు మగవాళ్ళు, మరో వైపు ఆడవాళ్ళు. రెక్క ఒకే గీతలో సాగదు. కొంత దూరం వెళ్ళాక మెట్టులా వెనక్కి జరిగి మళ్ళీ సాగుతుంది. పైనుంచి చూస్తే గబ్బిలం రెక్కలు విప్పినట్టు ఉంటుంది. ఈ వెనక్కి జరగడం అందం కోసం అనుకుంటే పొరపాటు. ప్రతి వార్డు మధ్యలో నడవా, రెండు పక్కలా గదులు. నడవా రెండు కొసలూ మూసుకుపోతే అది సొరంగం అవుతుంది. రెక్కను వెనక్కి జరిపితే ప్రతి నడవా కొసకూ ఆరుబయలు దక్కుతుంది, అక్కడ పెద్ద అద్దాల కిటికీ పెట్టొచ్చు, గాలి ఒక కొసలో దూరి మరో కొసలో పోతుంది. నెమ్మదస్తులు నడిమి మేడకు దగ్గర. అరిచేవాళ్ళు, సామాన్లు పగలగొట్టేవాళ్ళు చిట్టచివర. కోలుకుంటున్న రోగి వార్డు వార్డూ మారుతూ మధ్యకు జరుగుతూ వస్తాడు. అంటే ఆ ఇంట్లో అతను ఎక్కడ పడుకుంటున్నాడో చూస్తే అతని ఆరోగ్యం ఎక్కడుందో తెలిసిపోతుంది. 200 మందికి ఆడ, మగ చెరో 8 వార్డులు, మొత్తం 16 ఉండాలన్న నియమం ఇందుకే.

వార్డు ఒక్కొక్కటీ చిన్న ఇల్లు. కూర్చునే హాలు, భోజనాల గది, స్నానాల గది, మరుగుదొడ్డి, బట్టల గది, కొన్ని ఒంటరి గదులు, నాలుగు మంచాలకు తగ్గని ఉమ్మడి గది, పక్కనే అటెండెంట్ గది. భోజనం ఒక్కచోట వండి, నేలమాళిగలో వేసిన చిన్న పట్టాల మీద బండి తోసి, వార్డు కిందికి చేర్చి, తాళ్ళతో లాగే చిన్న లిఫ్టులో పైకి పంపేవాళ్ళు. వార్డు నుంచి వంటింటికి మాట్లాడే గొట్టం. మాసిన బట్టలు పడెయ్యడానికి గోడలోనే ఒక గొట్టం, ఊడ్చిన చెత్తకు మరొకటి. ఇవన్నీ సౌకర్యాల్లా కనిపిస్తాయి గానీ అసలు ఉద్దేశం వేరు. అటెండెంట్ చెత్త పారెయ్యడానికో గిన్నె తేవడానికో వార్డు వదిలి వెళ్ళిన ఆ పది నిమిషాల్లోనే ప్రమాదాలన్నీ జరిగేవి. అతను వెళ్ళాల్సిన పని లేకుండా చేస్తే సగం గండం గడిచినట్టే. కిటికీలదీ అదే తెలివి. ఇనుప చట్రానికి చెక్క రంగు వేసి, మనిషి తల దూరనంత సన్నటి అద్దాలు బిగించేవాళ్ళు. లోపల ఉన్నవాడికి ఊచలు కనిపించవు, ఉన్నాయి మాత్రం.

వేడి సంగతికి వస్తే కథ కొంచెం చేదు. 1850 డిసెంబరులో మెయిన్ రాష్ట్రంలో ఆగస్టా ఆసుపత్రి కాలిపోయి 27 మంది రోగులు, ఒక అటెండెంట్ చనిపోయారు. వేడిగాలి కొలిమి దగ్గర నిప్పు అంటుకుని, గోడల్లోని గాలి గొట్టాల వెంట పొగ వార్డుల్లోకి ఎక్కింది. తాళం వేసిన తలుపుల వెనక మనుషులు. కొన్ని నెలలకే వచ్చిన 1851 సూత్రాల్లో వేడి గురించి అంత కచ్చితంగా ఎందుకు రాశారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు: బయటి తాజా గాలి తక్కువ ఒత్తిడి ఆవిరి గొట్టాల మీదుగానో, 212 డిగ్రీల ఫారన్‌హీట్ దాటని నీటి గొట్టాల మీదుగానో మాత్రమే వేడెక్కాలి. బాయిలర్లు, చాకలి పని విడి భవనాల్లో ఉండాలి. మెట్లు రాతివో ఇనుపవో కావాలి. పైకప్పు పలకరాయో లోహమో. గాలి దానంతట అది కదులుతుందని నమ్మకుండా బలవంతంగా నెట్టే ఏర్పాటు ఉండాలి. రెక్కలు ఎంత పొడుగైతే గొట్టాలు అంత పొడుగు, చివరి వార్డుకు చేరేసరికి గాలి చల్లబడిపోతుంది. అందరికంటే ఎక్కువ బాధపడే రోగులు ఉండేది ఆ చివరి వార్డులోనే. ఈ ప్లాన్‌లోని అసలైన లోపం అదేనని నా అభిప్రాయం.

ఇప్పుడు అధికారం. 1853 సూత్రాల ప్రకారం డాక్టరే సర్వాధికారి. అసిస్టెంట్ డాక్టర్లు, స్టోర్లు చూసే స్టీవార్డ్, ఆడవైపు మేట్రన్ అందరూ ఆయన పేరు చెప్తేనే నియామకం, ఆయన మాట మీదే నడక. అటెండెంట్లను తీసుకోవడం, తీసెయ్యడం ఆయన చేతిలోనే. ట్రస్టీల బోర్డు ఉంటుంది గానీ డబ్బు, లెక్కల వరకే. ఇంత అధికారం ఎందుకంటే వాళ్ళు చెప్పే కారణం ఒక్కటే: రోగికి తగిలే ప్రతిదీ, అన్నం నుంచి అటెండెంట్ గొంతు దాకా, వైద్యమే. స్టీవార్డ్ వేరే బాస్‌కు జవాబుదారీ అయితే మాంసం చవక రకం వస్తుంది. అటెండెంట్‌కు రాజకీయ నాయకుడి అండ ఉంటే రోగిని కొట్టినా ఉద్యోగం పోదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగింది సరిగ్గా అదే. గవర్నర్ మారితే సూపరింటెండెంట్ మారడం చాలా చోట్ల మామూలైంది. కర్క్‌బ్రైడ్‌ది విరాళాలతో, రోగులు కట్టే ఫీజుతో నడిచే సంస్థ కాబట్టి ఆ గాలి ఆయనకు తగల్లేదు. ఆయన 43 ఏళ్ళు ఉండగలగడం వెనక ప్రతిభ ఒక్కటే లేదు. పక్క రాష్ట్రాల్లోని వాళ్ళతో పోల్చేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

రోజువారీ పని అంటే పొద్దున వార్డుల చుట్టూ నడక, ఒక్కో రోగితో మాట. ఆ తర్వాత ఉత్తరాలు. ఇది చాలామంది పట్టించుకోని భాగం. డబ్బు కట్టేది కుటుంబం, తీసుకెళ్ళేదీ కుటుంబమే. రెండు నెలలు కాగానే భార్యో అన్నో వచ్చి ఇంటికి తీసుకుపోతామంటారు. సగం కోలుకున్న రోగి వెళ్ళిపోతే మళ్ళీ తిరగబెడుతుంది, ఆసుపత్రి పేరు చెడుతుంది. అందుకని నచ్చచెప్పడం, ఓర్చుకోమనడం, చెడు వార్తను మెత్తగా చెప్పడం ఈ ఉద్యోగంలో మందు రాయడమంత పెద్ద పని. మందులంటే నల్లమందు, మార్ఫిన్, విరేచనాల మందులు, గోరువెచ్చని స్నానాలు, మంచి తిండి. 1869 తర్వాత నిద్రకు క్లోరల్ వచ్చింది. సాయంత్రాలు ఖాళీగా ఉంచకపోవడం కర్క్‌బ్రైడ్ ప్రత్యేకత. తోటలో గుండ్రంగా వేసిన పట్టాల మీద చేత్తో తిప్పే చిన్న రైలు బండి ఉండేది. చదువుకునే గది, చిన్న మ్యూజియం ఉండేవి. ఫిలడెల్ఫియా ఫోటోగ్రాఫర్లు లాంగెన్‌హైమ్ సోదరులు గాజు పలకల మీద చేసిన బొమ్మలను మేజిక్ లాంతరుతో తెర మీద వేసేవాళ్ళు. సినిమా పుట్టకముందే చీకటి గదిలో కూర్చుని తెర మీద ఫోటోలు చూసిన తొలి ప్రేక్షకుల్లో ఈ రోగులూ ఉన్నారన్నమాట.

కట్టెయ్యడం మాత్రం పూర్తిగా మానలేదు. ఇంగ్లండులో హాన్‌వెల్ ఆసుపత్రిలో 1839లో జాన్ కొనోలీ గొలుసులు, తోలు పట్టీలు, బిగింపు చొక్కాలు అన్నీ తీసేశాడు, అదీ 800 మంది రోగులున్న చోట. అమెరికన్ సూపరింటెండెంట్లు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. కొద్దిసేపు చేతులకు పట్టీ వెయ్యడం నలుగురు అటెండెంట్లు మీద పడి పట్టుకోవడం కన్నా నయమని వాళ్ళ వాదన. కర్క్‌బ్రైడ్ తగ్గించారే గానీ వదల్లేదు.

ఇంటిపెద్దకు ఎదురుతిరిగే వాళ్ళూ ఉంటారు. 1849లో ఒక మాజీ రోగి ఆయన మీద తుపాకీ పేల్చాడు. తలకు దెబ్బ తగిలినా ప్రాణం దక్కింది. అంతకంటే లోతుగా తగిలింది కోర్టు దెబ్బ. కొడుకు చేర్పించిన ఎబెనీజర్ హాస్కెల్ గోడ దూకి తప్పించుకుంటూ కాలు విరగ్గొట్టుకుని, 1868లో జ్యూరీ ముందు తనకు మతి బాగానే ఉందని నిరూపించుకున్నాడు. మరుసటి ఏడాది ఆ కథ అచ్చేశాడు. 1869లో పెన్సిల్వేనియా కొత్త చట్టం చేసి, చేర్చుకోవాలంటే ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. ఇలినాయ్‌లో, భర్త పిచ్చాసుపత్రిలో పెట్టించిన ఎలిజబెత్ ప్యాకర్డ్ పోరాటం ఇంకా ముందే జ్యూరీ విచారణ తెచ్చింది. సూపరింటెండెంట్లకు ఇవి అవమానంలా తోచాయి. నా దృష్టిలో తప్పు వాళ్ళదే. ఇంట్లో పెద్ద మాటే చట్టం అనుకున్నవాడికి, ఆ ఇంటికి ఎవరూ ఇష్టపడి రాలేదన్న సంగతి గుర్తుచేసేవాడు ఒకడు ఉండాలి. మొదటి భార్య చనిపోయాక కర్క్‌బ్రైడ్ 1866లో తన పాత రోగినే పెళ్ళి చేసుకున్నారు. ఇవాళైతే లైసెన్సు ఉండదు.

ఇక 250 సంగతి. మొదటి సూత్రాల్లో పడకల గరిష్ఠ సంఖ్య 250, ఇంకా మేలు 200. కర్క్‌బ్రైడ్ సొంత ఆసుపత్రి నిండినప్పుడు ఆయన రెక్కలు పొడిగించలేదు. విరాళాలు కూడగట్టి, అదే స్థలంలో మగవాళ్ళకు పూర్తిగా రెండో భవనం కట్టించి 1859లో తెరిచారు. ప్రభుత్వాలకు అంత ఓపిక లేదు. ఎందుకు లేదో చిన్న లెక్క చూడండి, అంకెలు నేను ఊహించినవే. 250 పడకలు. ఏడాదికి 100 మంది కొత్తగా వస్తారు. 40 మంది కోలుకుని, 30 మంది కాస్త మెరుగై వెళ్ళారు, 10 మంది చనిపోయారు. 20 మంది ఉండిపోయారు. ఆసుపత్రి ఎంత బాగా నడిచినా పన్నెండేళ్ళు తిరిగేసరికి ప్రతి పడకలోనూ బాగుపడని రోగే ఉంటాడు, కొత్తవాడికి చోటు లేదు. ఇప్పుడు మూడే దారులు: ఇంకో ఆసుపత్రి కట్టాలి, పాతవాళ్ళను బీదల గృహానికి తోలాలి, లేదా ఉన్న గదుల్లోనే ఇంకో మంచం వెయ్యాలి. మూడోది చవక. 1866లో సంఘమే పరిమితిని 600కు పెంచింది. కర్క్‌బ్రైడ్ వద్దన్నారు, వినలేదు. 1869లో న్యూయార్క్ రాష్ట్రం నయం కానివాళ్ళకే విడిగా విల్లార్డ్ ఆసుపత్రి తెరిచింది. 600 మంది ఉన్నచోట పెద్దకు పేర్లు గుర్తుండవు, ఫైళ్ళే ఉంటాయి. గబ్బిలం ఆకారం అలాగే ఉంది గానీ, కోలుకుంటూ మధ్యకు జరిగే ఆ నడక ఆగిపోయింది. మధ్యకు దగ్గరి వార్డులో ఖాళీ ఉంటేనే కదా జరగడం.

ఆయన రాష్ట్రంలోనే, ఆయన బతికుండగానే, 1880లో నారిస్‌టౌన్‌లో విడివిడి భవనాలతో ఆసుపత్రి తెరిచారు. ఆడ విభాగాన్ని అలిస్ బెనెట్ అనే వైద్యురాలి చేతికిచ్చారు. వైద్యం ఒకరిది, పరిపాలన మరొకరిది. 1853 సూత్రం అక్కడితో చెల్లిపోయింది. కర్క్‌బ్రైడ్ 1883 డిసెంబరు 16న కన్నుమూశారు, అప్పటికీ ఉద్యోగంలోనే ఉన్నారు. 1894లో ఆ సంఘం యాభయ్యో సమావేశంలో న్యూరాలజిస్టు వెయిర్ మిచెల్‌ను మాట్లాడమని పిలిస్తే, మీరు మిగతా వైద్యలోకం నుంచి వెలి అయిపోయారని మొహం మీదే చెప్పాడు.

మన వైపు ఇలాంటి కెరీర్ ఉండేదా అని కూడా అడిగారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నాటి 36వ చట్టం (పిచ్చాసుపత్రుల చట్టం) కింద నడిచిన పిచ్చాసుపత్రులకు, విశాఖపట్నం దానితో సహా, పెద్ద సాధారణంగా ప్రభుత్వ వైద్యాధికారి. బదిలీలు తప్పవు, మిగతా డ్యూటీలూ ఉంటాయి. ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు అనే ముచ్చట అక్కడ కుదరదు.

ఈ ఆసుపత్రుల వార్షిక నివేదికలు చదవబోతుంటే ఒక్క జాగ్రత్త. పట్టికలో నయమైనవారు, బాగా మెరుగైనవారు, మెరుగైనవారు, మార్పు లేనివారు, చనిపోయినవారు అని ఉంటుంది. నయమైనవారి అంకెను నమ్మకండి. ఒకే మనిషి నాలుగుసార్లు చేరి నాలుగుసార్లు బాగై వెళ్తే అది నాలుగు నయాలుగా పడుతుంది. ఒహైయోలో విలియం ఆల్ 1842లో కొత్త కేసుల్లో నూటికి నూరు నయం అన్నాడు. పేరు మీద శ్లేష కట్టి జనం ఆయన్ని 'డాక్టర్ క్యూర్-ఆల్' అన్నారు. 1877లో ప్లైనీ ఎర్ల్, తనే ఒక సూపరింటెండెంట్ అయివుండి, ఈ లెక్కలన్నీ విప్పి అసలు సంగతి బయటపెట్టాడు. కాబట్టి ముందు 'మార్పు లేనివారు' గడి చూడండి, తర్వాత ఏడాది చివర మిగిలిన రోగుల సంఖ్య చూడండి, దాన్లోంచి ముందటి ఏడాది సంఖ్య తీసివేయండి. ఏటా పదిహేను ఇరవై చొప్పున పెరుగుతుంటే, ఆ భవనం కట్టినప్పుడు రాసిన పడకల అంకెలోంచి ఆ ఏడాది మిగిలిన రోగుల సంఖ్య తీసేసి, వచ్చినదాన్ని ఆ పెరుగుదలతో భాగించండి. ఆ సూపరింటెండెంట్‌కు ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉన్నాయో దాదాపుగా తెలిసిపోతుంది.